రుబెల్లా, గర్భం: నెల తప్పకముందే చూసుకోవాల్సినవి

1. వేపచెట్టు

ఇక్కడ రుబెల్లా మాట ముక్కలు ముక్కలుగా చాలాసార్లు వచ్చింది. ఒకచోట చేరుద్దామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

పిల్లలకు రుబెల్లా వస్తే మూడు రోజుల దద్దురు, కాస్త జ్వరం, చెవుల వెనక, మెడ వెనక బిళ్లలు కట్టడం, అంతే. సోకినవాళ్లలో పావు వంతు నుంచి సగం మందికి ఒంటి మీద ఏమీ కనిపించదు. అదే వైరస్ మొదటి మూడు నెలల్లో గర్భిణికి సోకితే బిడ్డ చెవి, కన్ను, గుండె, మెదడు దెబ్బతింటాయి. సోకాక మందు లేదు. టీకా ఉంది, కానీ కడుపుతో ఉండగా వేయకూడదు. కాబట్టి చేయగలిగినదంతా నెల తప్పకముందే చేసుకోవాలి.

మన రెండు రాష్ట్రాల్లో మీజిల్స్-రుబెల్లా టీకా ప్రచారం 2017 ఆగస్టులో మొదలైంది. 9 నెలలు నిండిన పిల్లల నుంచి 15 ఏళ్ల లోపు వాళ్ల దాకా వేశారు. అంటే 2002 ఆగస్టుకు ముందు పుట్టిన ఆడపిల్లలు అప్పటికే వయసు దాటిపోయారు. వాళ్ల చిన్నప్పుడు సర్కారు టీకాల్లో మీజిల్స్ ఒక్కటే ఉండేది, రుబెల్లా లేదు. ఇప్పుడు కాన్పులకు వస్తున్నవాళ్లలో వీళ్లే ఎక్కువ. వీళ్లకు పరీక్ష చేయించి టీకా వేయాలా, నేరుగా వేసేయాలా?

2. చల్లపెట్టె

ముందు ఇంట్లో పాత టీకా కార్డు వెతికించండి. ప్రైవేటు పిల్లల డాక్టర్ల దగ్గర 2017కు చాలా ముందు నుంచే ఎంఎంఆర్ (మీజిల్స్, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటి టీకా) వేసేవారు. కార్డులో ‘ఎంఎంఆర్’ గాని ‘ఎంఆర్’ (మీజిల్స్-రుబెల్లా) గాని తేదీతో ఉంటే, ఏడాది నిండాక వేసినది ఒక్క డోసైనా రుబెల్లాకు సరిపోతుంది. నూటికి 95 మందికి పైగా ఒక్క డోసుతోనే రక్షణ వస్తుంది. ‘మీజిల్స్’ అని మాత్రమే రాసి ఉంటే రుబెల్లా పడనట్టే.

కార్డు లేకపోతే, గర్భం లేదని తేల్చుకుని వేసేయండి. రోగనిరోధకత ఇప్పటికే ఉన్నవాళ్లకు మళ్లీ వేసినా నష్టం లేదు. మోతాదు అర మిల్లీలీటరు, పై చేతికి, చర్మం కింద. వేసిన రోజు నుంచి 28 రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. పాత పుస్తకాల్లో మూడు నెలలని ఉంటుంది, ఇప్పుడు ఒక నెల చాలంటున్నారు. ఎంఎంఆర్ వేస్తే 28 రోజుల తర్వాత రెండో డోసు కూడా వేయించడం మంచిది, అది మీజిల్స్, గవదబిళ్లల కోసం.

పీహెచ్‌సీలో ఉచితంగా వేసే ఎంఆర్ పిల్లల కోసం ఉన్నది: 9–12 నెలల మధ్య ఒకటి, 16–24 నెలల మధ్య ఇంకొకటి. పెద్దవాళ్లు బయట కొనుక్కుని వేయించుకోవాల్సిందే. ముందే ఫోన్ చేసి స్టాక్ ఉందో లేదో కనుక్కుని వెళ్లండి.

3. కాన్పులగది

చల్లపెట్టె గారూ, నేరుగా వేయడం పెళ్లికాని పిల్లలకు సరే. పెళ్లయి పిల్లల కోసం చూస్తున్నవాళ్ల దగ్గర నేను ఒక మెట్టు పైన పెడతాను. ‘నెలసరి వచ్చిందా’ అని అడిగితే సరిపోదు. మొదటి వారాల్లో కొద్దిగా కనిపించిన రక్తాన్ని నెలసరి అనుకునేవాళ్లుంటారు. నెలసరి మొదలైన మొదటి వారంలో వేస్తే సందేహానికి చోటుండదు. అనుమానముంటే మూత్ర పరీక్ష చేసి వేయాలి.

వారంలోపు తిరిగి రాగల వాళ్లకు, ఖర్చు పెట్టగల వాళ్లకు ఐజీజీ (రక్తంలో పాత రక్షణను చూపే యాంటీబాడీ) పరీక్ష ముందు చేయించడంలో తప్పులేదు. మన దగ్గర జరిగేది ఏమిటంటే, పరీక్ష రాస్తాం, రిపోర్టు వస్తుంది, మళ్లీ వచ్చేసరికి నెల తప్పి ఉంటుంది. ఆ దారి అక్కడితో మూసుకుపోతుంది. అందుకే మళ్లీ వస్తారన్న నమ్మకం లేనిచోట ఆ రోజే టీకా వేయడం నయం.

4. గట్టుమీద

“నాకు చిన్నప్పుడు తట్టు వచ్చింది, ఇక రాదు” అనేవాళ్లకు ఏం చెప్పాలండీ? ఇంట్లో పెద్దవాళ్లు కూడా అదే అంటారు.

5. ల్యాబుబల్ల

గట్టుమీద గారూ, మంచి ప్రశ్న. మన ఇళ్లలో తట్టు, పొంగు, అమ్మవారు, ఆటలమ్మ అని చెప్పేవి ఊరికో రకంగా వాడతారు. ఆటలమ్మ వేరే వైరస్, నీటిబొబ్బలు వస్తాయి. తట్టు అంటే ఎక్కువగా మీజిల్స్. రుబెల్లా దద్దురు చూడటానికి దాదాపు అలాగే ఉంటుంది, మరీ తేలిక. డెంగీ, పార్వోవైరస్, మందులు పడకపోవడం, వీటన్నిటికీ ఎర్ర దద్దురే. డాక్టరు చూసి చెప్పినా సరే, దద్దురును బట్టి రుబెల్లా అని తేల్చలేం. ‘వచ్చింది’ అన్న మాటను సాక్ష్యంగా తీసుకోకూడదు. రాతలో ఉన్న టీకా తేదీ గాని, ఐజీజీ పాజిటివ్ రిపోర్టు గాని, ఈ రెండే లెక్కలోకి వస్తాయి.

ఐజీజీ మిల్లీలీటరుకు 10 అంతర్జాతీయ యూనిట్లు దాటితే రక్షణ ఉన్నట్టు సాధారణంగా తీసుకుంటారు. కిట్టును బట్టి గీత కాస్త మారుతుంది కనుక రిపోర్టు మీద ఆ ల్యాబు ఇచ్చిన హద్దు చూడాలి.

6. వేపచెట్టు

మరి టార్చ్ ప్యానెల్ (రుబెల్లాతో సహా కడుపులో బిడ్డకు హాని చేసే కొన్ని ఇన్‌ఫెక్షన్లకు కలిపి చేసే రక్త పరీక్ష)? ఒకసారి గర్భం పోతే చాలు, మొదట రాసేది అదే. రిపోర్టులో రుబెల్లా ఐజీజీ పాజిటివ్ అని ఎర్ర అక్షరాల్లో రాగానే ఇల్లంతా భయపడిపోతోంది.

7. ల్యాబుబల్ల

ఐజీజీ పాజిటివ్ అంటే శుభవార్త. ఎప్పుడో సోకి తగ్గింది, లేదా టీకా పనిచేసింది. ఎర్ర అక్షరాలు కంప్యూటరు వేసేవి, దానికి మంచి పాజిటివ్, చెడ్డ పాజిటివ్ తేడా తెలియదు.

గొడవంతా ఐజీఎంతో, అంటే కొత్తగా సోకినప్పుడు ముందు పుట్టే యాంటీబాడీతో. దద్దురు లేదు, రోగి దగ్గరికి వెళ్లలేదు, ఊరికే చేసిన టార్చ్‌లో ఐజీఎం బలహీనంగా పాజిటివ్ వస్తే అది తప్పుడు పాజిటివ్ అయ్యే అవకాశమే ఎక్కువ. పార్వోవైరస్, ఎప్‌స్టీన్-బార్ వైరస్, రుమటాయిడ్ ఫ్యాక్టరు, ఇవన్నీ ఆ పరీక్షను తప్పుదారి పట్టిస్తాయి. కొందరిలో సోకిన చాలా నెలల దాకా, టీకా తర్వాత కూడా ఐజీఎం మిగిలి ఉంటుంది. ఆ ఒక్క కాగితం చూసి గర్భం తీయించుకోవడం ఘోరం. అలా చేయమని ఎవరు చెప్పినా రెండో అభిప్రాయం తీసుకోండి.

అప్పుడు అడగాల్సిన పరీక్ష ఐజీజీ అవిడిటీ. కొత్తగా పుట్టిన యాంటీబాడీ వైరస్‌ను వదులుగా పట్టుకుంటుంది, నెలలు గడిచేకొద్దీ పట్టు బిగుస్తుంది. అవిడిటీ తక్కువ వస్తే సోకి సుమారు మూడు నెలల లోపే. ఎక్కువ వస్తే పాతది. ఇంకో దారి, రెండు మూడు వారాల తేడాతో రెండు నమూనాలు. రెండూ ఒకే ల్యాబులో, ఒకేసారి, పక్కపక్కన నడపాలి. మొదటిది ఒక ఊళ్లో, రెండోది ఇంకో ఊళ్లో వేరే కిట్టు మీద చేయించి అంకెలు పోల్చితే అర్థం ఉండదు. అందుకే మొదటి నమూనాను పారేయొద్దని, ఫ్రీజర్లో దాచమని ల్యాబుకు చెప్పండి.

8. గట్టుమీద

అంగన్‌వాడీ టీచర్లు, బడిపంతులమ్మలు కడుపుతో ఉండి పిల్లల మధ్యే పని చేస్తారు కదా. క్లాసులో ఒక పిల్లకు దద్దురు వచ్చిందని తెలిసింది. ఆ రోజు ఆమె ఏం చేయాలి, వరసగా చెప్పగలరా?

9. కాన్పులగది

దద్దురు బయటపడటానికి వారం ముందు నుంచి వారం తర్వాత దాకా రుబెల్లా అంటుకుంటుంది. అంటే తెలిసేసరికే ఆమె ఆ గదిలో ఉండి వచ్చింది. ఒకే గదిలో పావుగంట, లేదా ఎదురెదురుగా మాట్లాడటం, ఇంత చాలు సంపర్కం అనడానికి.

ఆమె పాత కార్డు, పాత కాన్పు కాగితాలు తీయించండి. ఇంతకు ముందెప్పుడైనా ఐజీజీ పాజిటివ్ రాతపూర్వకంగా ఉంటే దాదాపు భయం లేదు. ఏమీ లేకపోతే ఆలస్యం చేయకుండా రక్తం తీయించాలి. తొందర ఎందుకంటే, వైరస్ సోకి యాంటీబాడీ పుట్టడానికి రెండు వారాలకు పైగా పడుతుంది. సంపర్కం జరిగిన మొదటి వారం, పది రోజుల్లో తీసిన రక్తంలో ఐజీజీ ఉంటే అది పాత రక్షణే. మూడు వారాలు ఆగి తీస్తే అదే ఐజీజీ పాతదో కొత్తదో చెప్పలేక తికమకపడతాం.

మొదటి నమూనాలో ఐజీజీ లేదనుకోండి. మూడు నాలుగు వారాలకు మళ్లీ ఐజీజీ, ఐజీఎం. అప్పుడూ లేకపోతే సంపర్కం నుంచి ఆరు వారాలకు ఇంకోసారి. అప్పటికీ నెగెటివ్ అయితే సోకలేదు, కాన్పు కాగానే టీకా వేయాలి. ఈ మధ్యలో దద్దురు వస్తే వెంటనే తీసిన ఐజీఎం నెగెటివ్ రావచ్చు. దద్దురు మొదలై ఐదు రోజులు దాటాక మళ్లీ తీస్తే నమ్మొచ్చు.

ఒంటి మీద దద్దురు కనిపించకపోయినా, జ్వరం లేకపోయినా ఈ పరీక్షలు ఆపకూడదు. తల్లికి ఏ లక్షణమూ లేకుండానే బిడ్డకు చేరుతుంది. పెద్దవాళ్లయిన ఆడవాళ్లలో వేళ్ల కీళ్లు, మణికట్టు, మోకాళ్ల నొప్పులు బాగా ఉంటాయి. చికున్‌గున్యా అనుకుని వదిలేస్తుంటారు.

ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల) ఇంజెక్షన్ వేయిస్తే ఆగిపోతుందా అని అడుగుతారు. అది తల్లి దద్దురును అణిచిపెట్టొచ్చు గాని బిడ్డకు రక్షణ అని హామీ లేదు. సంపర్కం తర్వాత టీకా వేసినా ఉపయోగం లేదు, పైగా గర్భంలో వేయకూడదు.

10. ఊరిచివర

దద్దురు జ్వరం కనబడితే ఆశా కార్యకర్తకో ఏఎన్‌ఎంకో చెప్పమనండి. ప్రభుత్వ నిఘాలో మీజిల్స్, రుబెల్లా కలిపి చూస్తారు. దద్దురు వచ్చిన 28 రోజుల లోపు రక్తం, వారంలోపు అయితే గొంతు స్వాబు కూడా తీసుకుంటారు. ఆ పిల్లకు రుబెల్లానే అని తేలితే బడిలో గర్భిణులందరికీ దారి తెలుస్తుంది, కాదని తేలితే అందరికీ నిద్ర పడుతుంది. కాన్పులగది గారు చెప్పిన పరీక్షల్లో సగం ఈ ఒక్క పిల్ల నమూనాతో అవసరం లేకుండా పోతాయి.

11. పసిచూపు

సోకిందని తేలితే ఎన్నో వారం అన్నదాని మీదే అంతా. 11 వారాల లోపు సోకితే బిడ్డకు నష్టం జరిగే అవకాశం 90 శాతం దాకా ఉంటుంది, అదీ ఒకటికి మించిన లోపాలతో. 11–16 వారాల మధ్య సుమారు 20 శాతం. 16 దాటి 20 వారాల మధ్య నష్టం చాలా తక్కువ, ఉంటే చెవుడు. 20 దాటాక లోపాల భయం దాదాపు లేదు. వారాలు లెక్కించడంలో పొరపాటు రాకుండా మొదటి స్కాన్ కాగితం దగ్గర పెట్టుకుని, దద్దురు తేదీ ఖాయం చేయాలి. రెండు వారాల తేడా నిర్ణయాన్నే మార్చేస్తుంది.

“స్కాన్‌లో అన్నీ బాగున్నాయి” అన్న మాట దగ్గర ఆగకండి. చెవుడు స్కాన్‌లో కనిపించదు, శుక్లం చాలాసార్లు కనిపించదు.

12. కాన్పులగది

పసిచూపు గారి మాటకు చట్టం సంగతి చేర్చాలి. బిడ్డకు చేరిందో లేదో తెలుసుకోవడానికి ఉమ్మనీరు తీసి పీసీఆర్ (వైరస్ జన్యువును వెతికే పరీక్ష) చేస్తారు. తల్లికి సోకి కనీసం ఆరు వారాలు గడవాలి, గర్భం 18 వారాలు దాటాలి. ముందే తీస్తే వైరస్ ఉన్నా నెగెటివ్ రావచ్చు. ఇటు చూస్తే, గర్భస్రావ (ఎంటీపీ) చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయంతో, 20–24 వారాల మధ్య నిబంధనల్లో చెప్పిన వర్గాలకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో గర్భస్రావానికి వీలుంది. 24 దాటితే బిడ్డలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. ఉమ్మనీటి పరీక్ష, రిపోర్టు, ఆలోచించుకునే సమయం, అన్నీ ఈ కొద్ది వారాల ఇరుకులో పడతాయి. కాబట్టి మొదటి నెలల్లో సోకినట్టు తేలిన రోజే ఫీటల్ మెడిసిన్ (కడుపులో బిడ్డకు వైద్యం చూసే విభాగం) ఉన్న పెద్దాసుపత్రికి పంపాలి, 18వ వారం దాకా కూర్చోబెట్టకూడదు. ఉంచుకోవాలా వద్దా అన్నది ఆ తల్లి నిర్ణయం. మన పని ఆమెకు అంకెలు దాచకుండా చెప్పడం.

13. గట్టుమీద

తెలియక నెల తప్పాక ఎంఎంఆర్ వేయించుకుంటే?

14. చల్లపెట్టె

కంగారు పడొద్దు, గర్భం తీయించొద్దు. లెక్కల ప్రకారం చెప్పుకునే ప్రమాదం ఊహకు మాత్రమే పరిమితమైంది. ఇలా పొరపాటున టీకా పడిన తల్లుల్ని అనేక దేశాల్లో గమనించారు, టీకా వల్ల లోపాలతో పుట్టిన బిడ్డ తేలలేదు. తేదీ రాసిపెట్టుకుని మామూలు కాన్పు చూపులు కొనసాగించాలి. ‘వేయకూడదు’ అన్నది జాగ్రత్త కోసం పెట్టిన నియమం, ‘వేస్తే తీసేయాలి’ అని దాని అర్థం కాదు. ఈ రెండూ కలిపేసి ఆరోగ్యంగా ఉన్న గర్భాలు పోగొట్టుకుంటున్నారు.

గర్భిణి ఉన్న ఇంట్లో పిల్లలకు ఎంఆర్ వాయిదా వేయడం కూడా ఇలాంటి పొరపాటే. టీకా పడిన పిల్ల నుంచి తల్లికి అంటదు. పిల్లకు టీకా పడకపోతేనే ఆ తల్లికి ముప్పు.

ఎవరికి వేయకూడదంటే: గర్భిణులు, రోగనిరోధకత బాగా పడిపోయినవాళ్లు, రెండు వారాలకు పైగా రోజుకు 20 మిల్లీగ్రాములు దాటి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లు (ఆపాక నెల ఆగాలి), నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తీవ్రంగా పడనివాళ్లు. గుడ్డు పడకపోవడం అడ్డు కాదు. టీకా తర్వాత ఒకటి నుంచి మూడు వారాల్లో కీళ్లు లాగడం పెద్ద ఆడవాళ్లలో పావు వంతు మందికి ఉంటుంది, దానంతట అదే తగ్గుతుంది. ముందే చెబితే మళ్లీ డోసుకు భయపడరు.

15. వేపచెట్టు

కాన్పు వార్డులో వేయడం గురించి ఎవరూ రాయలేదు. మొదటి కాన్పులో ఐజీజీ నెగెటివ్ అని తెలిసిన తల్లి, డిశ్చార్జ్ కాగితంలో ఆ మాటే లేకుండా ఇంటికెళ్లిపోతోంది.

16. కాన్పులగది

అవును, అందరికంటే సులభంగా దొరికే మనిషి ఆమె. ఆసుపత్రిలోనే ఉంది, గర్భం లేదు. బాలింతకు డిశ్చార్జ్ రోజున వేయొచ్చు, పాలివ్వడానికి అడ్డు లేదు. రీసస్ నెగెటివ్ (నెగెటివ్ రక్త గ్రూపు) తల్లికి యాంటీ-డి ఇంజెక్షన్ వేసినా, రక్తం ఎక్కించినా టీకా ఆపకూడదు. కాకపోతే ఆ యాంటీబాడీలు టీకాను అడ్డుకోవచ్చు కాబట్టి రెండు మూడు నెలల తర్వాత ఐజీజీ చూసి, రాకపోతే మళ్లీ వేయాలి. ‘రుబెల్లా ఐజీజీ నెగెటివ్, టీకా ఫలానా తేదీన వేశాం’ అని డిశ్చార్జ్ కాగితం మీద, తల్లీ బిడ్డల కార్డు మీద రెండు చోట్లా రాయండి. ఏడో రోజున పుట్టింటికి వెళ్లే తల్లికి అక్కడి ఏఎన్‌ఎం చూసేది ఆ కార్డే.

17. సముద్రందాటి

బయటి దేశాల్లో ఉన్న మనవాళ్ల కోసం రెండు మాటలు. అమెరికాలో గ్రీన్ కార్డు మెడికల్‌లో ఎంఎంఆర్ చూస్తారు. కడుపుతో ఉంటే ఆ డోసును వాయిదా వేస్తారు, బలవంతం చేయరు. ఇంగ్లండ్‌లో 2016 ఏప్రిల్ నుంచి గర్భిణులకు రుబెల్లా పరీక్ష మామూలుగా చేయడం మానేశారు. అక్కడ పుట్టి పెరిగినవాళ్లలో టీకా ఎక్కువ కనుక అది వాళ్లకు సరిపోతుంది. మన దగ్గర 2002కు ముందు పుట్టి అక్కడికి వెళ్లిన అమ్మాయిని ఎవరూ అడగకపోవచ్చు. వెళ్లిన వెంటనే జీపీ (అక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గర టీకా చరిత్ర చెప్పి, గర్భం ప్లాన్ చేయకముందే ఎంఎంఆర్ అడగాలి.

18. ఊరిచివర

మగవాళ్లను మరిచిపోతున్నాం. జపాన్‌లో 1977 నుంచి చాలా ఏళ్లు బడి ఆడపిల్లలకే టీకా వేశారు. 1962–1979 మధ్య పుట్టిన మగవాళ్లు మిగిలిపోయారు. 2013లో అక్కడ 14,000 మందికి పైగా రుబెల్లా వచ్చింది, ఎక్కువ మంది మగవాళ్లే. ఆ విజృంభణలో 45 మంది బిడ్డలు లోపాలతో పుట్టారు. భర్త ఆఫీసు నుంచి ఇంటికి తెచ్చిన వైరస్ అది.

టీకా అరకొరగా వేస్తే ఇంకో చిక్కు. పిల్లల్లో తిరుగుడు తగ్గుతుంది, చిన్నప్పుడే సహజంగా సోకి రక్షణ వచ్చే అవకాశం పోతుంది, టీకా పడని ఆడపిల్లలు రక్షణ లేకుండానే పెళ్లి వయసుకు వస్తారు. 1993లో గ్రీస్‌లో జరిగింది ఇదే. అందుకే కనీసం 80 శాతం పిల్లలకు వేయగలమని నమ్మకం కుదిరాకే రుబెల్లాను పట్టికలో పెట్టమని 2024 దాకా చెప్పేవారు, మొదట్లోనే 15 ఏళ్ల దాకా అందరికీ ఒకేసారి వేయమంటారు. సరిగా వేస్తే ఫలితం ఏమిటో పక్కనే ఉంది: శ్రీలంక, మాల్దీవులు 2020లో రుబెల్లాను తుడిచిపెట్టినట్టు ధ్రువీకరణ పొందాయి.

పెళ్లి కుదిరిన ఇంట్లో అమ్మాయితో పాటు అబ్బాయికి కూడా ఒక ఎంఎంఆర్ వేయించమని చెప్పండి.

19. చల్లపెట్టె

ఊరిచివర గారికి తోడుగా, టీకా వేసేచోట జరిగే తప్పులు. ఎంఆర్ పొడిగా వస్తుంది, కలపాల్సిన నీరు అదే కంపెనీ వాయిల్‌తో వస్తుంది. వేరే నీళ్లు కలపకూడదు. ఆ నీరు కూడా కలిపే ముందు 2–8 డిగ్రీల్లో చల్లగా ఉండాలి, వేడి నీరు పోస్తే వైరస్ చచ్చి టీకా ఉత్తదవుతుంది. కలిపిన వాయిల్ మీద సమయం రాయాలి. నాలుగు గంటల తర్వాత ఎన్ని డోసులు మిగిలినా పారేయాలి. అందులో క్రిములు పెరగకుండా ఆపే మందు ఉండదు, పాతది వేస్తే పిల్లల ప్రాణాల మీదికి వస్తుంది. కిటికీ వెలుతురులో పెట్టినా పాడవుతుంది.

20. గట్టుమీద

సోకిన తల్లికి బిడ్డ పుట్టాక ఏం చూడాలి? పైకి బాగానే ఉంటే ఇంటికి పంపేయొచ్చా?

21. పసిచూపు

పంపే ముందు: కంటిపాపలోకి వెలుగు వేసి ఎర్ర మెరుపు రెండు కళ్లలో సమానంగా ఉందో లేదో చూడాలి. తెల్లగా కనిపిస్తే ‘కంట్లో పువ్వు, పెరిగాక పోతుంది’ అని ఆగకూడదు. 1941లో సిడ్నీలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు పసివాళ్ల శుక్లాలు చూసే తల్లుల రుబెల్లాతో ముడి కనిపెట్టాడు. మొదటి రెండు మూడు నెలల్లో ఆపరేషన్ చేయకపోతే మెదడు ఆ కంటితో చూడటం నేర్చుకోదు. గుండెకు ఎకో, ముఖ్యంగా పుట్టాక మూసుకోవాల్సిన నాళం తెరుచుకునే ఉందేమో చూడాలి. చెవికి ఓఏఈ (లోపలి చెవి పరీక్ష)తో పాటు బెరా (చెవి నుంచి మెదడుకు వెళ్లే నరం పరీక్ష) కూడా కావాలి. నెలలోపు వడపోత, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వినికిడి యంత్రం. చెవుడు తర్వాత కూడా మొదలవ్వొచ్చు కాబట్టి మొదటిసారి బాగున్నా మళ్లీ మళ్లీ చేయించాలి. జిల్లా సత్వర చికిత్స కేంద్రాలకు పంపితే చెవి, కన్ను, ఎదుగుదల ఒకచోటే చూస్తారు.

బిడ్డ రక్తంలో ఐజీఎం, గొంతు స్వాబు పీసీఆర్ చేయాలి. మొదటి నెలలో ఐజీఎం కొందరు బిడ్డల్లో నెగెటివ్ వస్తుంది, అనుమానం బలంగా ఉంటే నెల తర్వాత మళ్లీ తీయాలి. తల్లి నుంచి వచ్చిన ఐజీజీ నెలనెలా తగ్గాలి. ఆరు నెలలు దాటినా తగ్గకపోతే బిడ్డ సొంతంగా తయారు చేస్తున్నట్టు.

ఇంకొకటి, ఇంట్లో ఎవరూ ఊహించనిది. ఈ బిడ్డ గొంతులో, మూత్రంలో వైరస్ ఏడాది దాకా ఉండొచ్చు. మూడు నెలలు దాటాక, నెల తేడాతో తీసిన రెండు నమూనాలు నెగెటివ్ వచ్చేదాకా అంటించే బిడ్డగానే చూసుకోవాలి. ఆసుపత్రిలో రక్షణ ఉన్న సిబ్బందే ముట్టుకోవాలి. బారసాలకు వచ్చే చుట్టాల్లో కడుపుతో ఉన్నవాళ్లు, టీకా కాగితమో ఐజీజీ రిపోర్టో లేకపోతే, ఆ బిడ్డను ఎత్తుకోవద్దని ముందే ఫోన్ చేసి చెప్పండి. బిడ్డ తల్లిని నిందించేలా కాకుండా, డాక్టరు చెప్పారని చెప్పండి.